పెద్దబావి నీటి రుచి

1957 ఏప్రిల్ ఒకటో తేదీన నేను మద్రాసుకు ఉత్తరాన, మాధవరం పోయే దారిలో ఉన్న ఒక సర్కారు నర్సరీ తోటలో ఓవర్సీరుగా చేరాను. అంతకుముందు మూడేళ్లు లోపలి జిల్లాల్లో పండ్లతోటలు చూశాను. నాకు వ్యవసాయ డిప్లొమా ఉంది, వయసు ఇరవై ఎనిమిది, సముద్రానికి దగ్గరి నేలతో పరిచయం లేదు. ఈ చివరి సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తోట పని నగరంలోని ఇళ్లకు మొక్కలు తయారుచేయడం. గులాబీ అంట్లు, క్రోటన్లు, మల్లె, నందివర్ధనం, బంతి నారు, చామంతి నారు అమ్మేవాళ్లం. మద్రాసులో ఇంటి తోటకు ఏడాదిలో రెండే కాలాలు. ఆగస్టులో మట్టి మార్చడంతో మొదలై, వానల్లో నాట్లు, కొమ్మల కత్తిరింపు జరిగి, మార్చి వరకు పూలుంటాయి. ఏప్రిల్ నుంచి జూలై దాకా కొత్తగా ఏమీ పెట్టరు, ఉన్నవాటిని బతికించుకుంటారు. ఆగస్టు తర్వాత మేము అమ్మేదంతా ఈ నాలుగు నెలలు దాటి వచ్చిందే. నేను చేరింది ఆ నాలుగు నెలల మొదటి రోజున.

అక్కడి వరస ఇది. అందరికంటే కింద దినకూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల పైన తోటమాలులు, వాళ్ల పైన మేస్త్రి, అతని పైన ఓవర్సీరు. సూపరింటెండెంటు నగరంలోని కార్యాలయంలో ఉండేవారు, పదిహేను రోజులకొకసారి వచ్చేవారు. మేస్త్రి పేరు మునస్వామి. మద్రాసులోని చూలై పేటలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. తాత దొరల బంగళాల్లో తోటమాలి. మునస్వామికి పదవీ విరమణ వచ్చే జనవరిలో. నేను చేరడానికి నెల ముందు అతని భార్య చనిపోయిందని, ఆమె కూడా ఆ తోటలోనే కూలి చేసేదని, బాధ్యతలు అప్పగించేటప్పుడు పాత ఓవర్సీరు చెప్పారు. ఆ వెంటనే నీళ్ల సంగతి చెప్పారు.

తోటలో రెండు బావులు. పెద్దబావికి ఆయిలింజను ఉంది, తోటంతా దాని మీదే నడుస్తుంది. చిన్నబావిలో ఊట తక్కువ, తాగడానికి మాత్రం సరిపోతుంది. సముద్రం మూడు మైళ్ల దూరం. వానలు సరిగా పడని ఏడాది పెద్దబావిలో మంచినీటి పొర పలచబడి, ఇంజను తోడేకొద్దీ అడుగునుంచి ఉప్పునీరు పైకి వస్తుంది. అది ఏ రోజు వస్తుందో చూసి తెలుసుకోవడం కుదరదు. నీరు తేటగానే ఉంటుంది. పరీక్షకు పంపితే జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. అందుకని తోటలో ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున ఇంజను వేయకముందు మేస్త్రి ఒక కుండ నీళ్లు తోడించి, పుక్కిట పట్టి ఊసి, మూడు మాటల్లో ఒకటి చెప్తాడు: తీపి, చప్ప, ఉప్పు. ఓవర్సీరు దాన్ని నీటి రిజిస్టరులో రాసి సంతకం పెడతాడు. తీపి అయితే నీళ్లు అన్నిటికీ. చప్ప అయితే నారుమళ్లకు, గులాబీలకు తప్ప మిగతావాటికి. ఉప్పు అయితే గన్నేరు, కాగితంపూలు, కొబ్బరి లాంటి గట్టివాటికి మాత్రమే, మిగతావాటికి కొళాయి నీళ్లు పీపాల్లో బండి మీద తెప్పించాలి.

మునస్వామి నాలుక ఆ తోటలో అందరికీ నమ్మకం. రసాయనశాల చెప్పకముందే అతను చెప్పిన సందర్భాలు పాత ఓవర్సీరు రెండు చెప్పారు. నేను ఆ నీళ్లు ఎన్నడూ నోట పెట్టలేదు. అది మేస్త్రి పని, ఓవర్సీరుది కాదన్నది ఒక కారణం. రెండో కారణం అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. మా ఇంట్లో పరాయి బావి నీళ్లు తాగే అలవాటు లేదు. చూలైలో నేను అద్దెకున్న ఇంటినుంచి రోజూ సైకిలు మీద కూజాతో నీళ్లు తెచ్చుకునేవాణ్ని. తోటలో అందరికీ ఆ కూజా తెలుసు.

మొదటి రోజునుంచీ ఒకటి గమనించాను. మునస్వామి కుండను తానే తోడి, బావిగట్టుకు తూర్పు పక్కన పెట్టి, ఒక్క క్షణం ఆగి, తర్వాత నోట్లో పోసుకునేవాడు. తూర్పున పెట్టడం ఆచారమనుకున్నాను. “తీపి సార్. రాసుకోండ,” అనేవాడు. రాసుకునేవాణ్ని.

మే మొదటి వారంలో గులాబీ ఆకుల అంచులు గోధుమరంగు తిరిగాయి. మొదట కొసలు, తర్వాత అంచు చుట్టూ సన్నటి గీత. ఆ సీజను అమ్మకానికి నాలుగు వందల చిల్లర అంట్లు ఉన్నాయి. అవి కాక కొమ్మలు తీసుకునే తల్లిమొక్కలు పన్నెండు, విడిగా పెద్ద కుండీల్లో ఉన్నాయి. కొన్ని రకాలకు ఆ ఒక్క కుండీ తప్ప మరో మొక్క లేదు. అప్పటికి కత్తిరి ఎండలు మొదలయ్యాయి. పడమటి గాలి పొద్దున పదింటికే వేడెక్కేది. నేను చదివిన చదువు ప్రకారం అది ఎండదెబ్బ. కొబ్బరాకుల పందిరి మందం పెంచమన్నాను. సాయంత్రం కూడా నీళ్లు పోయమన్నాను, ఆకులు తడిసేలా పైనుంచి చల్లమన్నాను.

“సాయంత్రం గూడానా సార్?” అన్నాడు మునస్వామి. “మొక్కకు కాళ్లు నానిపోతాయే.”

నానవు, ఈ ఎండకు ఆరిపోతాయన్నాను. అతను కొంచెంసేపు నిలబడి, “సెరి సార్,” అని వెళ్లిపోయాడు. ఇంకా ఏదో చెప్పబోయాడని నాకు అప్పుడే అనిపించింది. అడగలేదు.

రెండు వారాల్లో పరిస్థితి చెయ్యి దాటేలా ఉంది. ఆకులు రాలడం మొదలైంది. లేత కొమ్మల కొసలు నల్లబడి కిందికి ఎండుతున్నాయి. రోజూ రాలిన ఆకుల్ని గంపల్లో ఎత్తించేవాణ్ని. పొద్దున తోటలోకి రాగానే ముందు సైకిలుకు స్టాండు వేయాలా, తల్లిమొక్కల దగ్గరికి పోవాలా అన్నట్టు ఉండేది. వేరుకుళ్లు అనుమానించి మూడు కుండీలు తిరగేసి చూశాను. వేర్లు కుళ్లలేదు. పురుగు లేదు. ఎక్కువ నీళ్లు పోసినకొద్దీ ఎక్కువ మాడుతున్నాయి. మట్టికుండీల అంచుల మీద తెల్లటి పూత కనిపించింది. సున్నమనుకుని గోనెపట్టాతో తుడిపించాను. ఇంతలో సూపరింటెండెంటు నుంచి ఉత్తరం వచ్చింది: గులాబీల నష్టం గురించి విన్నామని, కారణమేమిటో, బాధ్యులెవరో రాసి సిద్ధంగా ఉంచాలని, వచ్చే సోమవారం తాము వస్తున్నామని.

ఆ మర్నాడు తల్లిమొక్కల దగ్గర కూర్చుని భూతద్దంతో ఆకు అడుగుభాగం చూస్తున్నాను. పక్క వరసలో కలుపు తీస్తున్న రాజమ్మ అనే కూలీ, తల ఎత్తకుండానే అంది:

“ఏంది సార్, ఆకునే చూస్తా ఉండారు? ఆకేం జెప్తాది పాపం. నీళ్లనడగండ.”

“నీళ్లు మేస్త్రి చూస్తున్నాడు గదా,” అన్నాను.

“మేస్త్రీ నాలిక మాశి నెల్లోనే కాటికి పోయింది సార్. మాకందురికీ తెలుసు. మీకే తెలవదు.”

అర్థం కాలేదు. ఏమిటని అడిగాను. ఆమె కొడవలి కింద పెట్టి నా వైపు తిరిగింది. ఆరేళ్లుగా ఆ బావి రుచి చూసింది మేస్త్రి కాదని, మాశి నెలలో పోయిన అతని భార్య చెంగమ్మ అని చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

“మీరెవుర్నడిగితిరి? వచ్చినకాణ్నించి మాతో మీరన్న మాట ఒకటేగా, బిరబిరా కానీయండని. పైగా ఆయప్ప పెళ్లాం పోయిన మనిషి. ఆయప్ప మీద మేమెట్ట చెప్పేది?” కూజా వైపు చూసి అంది. “పోయి ఒక గుక్క తాగి చూడండ. సచ్చిపోరులే.”

వెళ్లి తాగాను. మొదట ఏమీ తెలియలేదు. మింగాక నాలుక వెనక ఉప్పు నిలిచింది, రసంలో చిటికెడు ఎక్కువ పడినట్టు. అంత ఉప్పు మనిషిని ఏమీ చేయదు. కుండీలో అలా కాదు. రోజూ పోసిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలో మిగులుతుంది. ఒక పూటకు బదులు రెండు పూటలు పోస్తే రెండింతలు మిగులుతుంది. ఆకుల మీద చల్లితే అక్కడా మిగులుతుంది. కుండీ అంచు మీద నేను తుడిపించింది సున్నం కాదు.

మర్నాడు పొద్దున నేను ఒక పని చేశాను. అలా చేయకుండా ఉండాల్సింది. రెండు లోటాలు పెట్టాను. ఒకదాంట్లో పెద్దబావి నీళ్లు, రెండోదాంట్లో నా కూజా నీళ్లు. ఏది ఏదో చెప్పమన్నాను. మునస్వామి రెండూ పుక్కిట పట్టి ఊశాడు. మళ్లీ మొదటిది తీసుకున్నాడు. తర్వాత లోటాలు గట్టు మీద పెట్టి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“రెండూ ఒకటేగా ఉండాయి సార్.”

ఎన్నాళ్లుగా అని అడిగాను.

“ఆరేండ్లు. విషజొరం వచ్చి లేచినాక నోటికేం తెలవదు. పులుసు తెలవదు, కారం తెలవదు. బలానికి తింటా ఉండా.”

మిగిలింది నేను అడగకుండానే చెప్పాడు. పొద్దున మొదటి కుండ తోడేది చెంగమ్మ. ఒక గుక్క తాగి, తీపి అయితే కుండను గట్టుకు తూర్పున, చప్ప అయితే నడుమ, ఉప్పు అయితే పడమట పెట్టి, చీపురు తీసుకుని తన పనికి పోయేది. అతను వచ్చి కుండ ఎక్కడుందో చూసి, పుక్కిట పట్టి ఊసి, మాట చెప్పేవాడు. ఆరేళ్లలో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదన్నాడు. రసాయనశాల కంటే ముందు చెప్పిన ఆ రెండు సందర్భాలూ ఆమెవే.

“ఆమె పోయినాక కుండ నేనే తోడి తూర్పు పక్కన పెడితి. ఆనాటినుంచి తూర్పుపక్కనే పెడతా ఉండా.”

ఎందుకు చెప్పలేదన్నాను.

“నాలిక లేనోణ్ని మేస్త్రీగా ఉంచుతారా సార్? ఇంక ఎనిమిది నెల్లు. కార్తీకంలో వానలు పడితే బావి దానంతటదే తీపెక్కతాది. అందాకా తోసేస్తే సాలనుకుంటి.” తర్వాత బావి వైపు చూస్తూ అన్నాడు, “ఒకేతూరి రెండూ పోయినాయని ఎట్ట చెప్పేది?”

 ముందు చేయాల్సిన పని ఉంది. ఉప్పు పట్టిన కుండీకి మందు లేదు, కడగడమే. మంచినీళ్లు నిండా పోసి, అడుగు చిల్లులోంచి కారిపోనిచ్చి, మళ్లీ పోయాలి. ఒక్కో కుండీకి అయిదారుసార్లు. చిన్నబావి నీళ్లు తల్లిమొక్కలకు కేటాయించాను. కూలీల తాగునీటికి నగరంనుంచి పీపాలు తెప్పించాను. వచ్చిన నీళ్లలో తాగగా మిగిలింది అంట్లకు. కుండీలన్నిటినీ ఇటుకల మీదకెత్తి, మూడు రోజులు అందరం అదే చేశాం. ఏ కుండీ కడగాలి, ఏది వదిలేయాలి అని తేల్చింది మునస్వామి. కొమ్మ మీద గోటితో గీసి, లోపల పచ్చ ఉందో లేదో చూసి చెప్పేవాడు. నేను గీసి బతికిందన్న మూడింటిని అతను పక్కన పెట్టాడు. ఆ మూడూ తర్వాత ఎండిపోయాయి.

ఆదివారం ఇంట్లో కూర్చుని నివేదిక రాశాను. మొదటి చిత్తు అరపేజీ. కారణం ఉప్పునీరు, బాధ్యత నీటిని తప్పుగా ధ్రువీకరించిన మేస్త్రిది. అందులో అబద్ధం లేదు. నిర్లక్ష్యం రుజువైతే ఉద్యోగంనుంచి తొలగిస్తారు, పింఛను ఉండదు. అది నాకు తెలుసు. సాయంత్రం కూడా నీళ్లు పోయమన్న ఉత్తరువు నేను నోటిమాటగా ఇచ్చింది, ఏ కాగితంలోనూ లేదు. మునస్వామి దాన్ని ఎవరికీ చెప్పడని కూడా నాకు తెలుసు. సాయంత్రాలు ఆ నీళ్లు పోయించకపోతే సగం మొక్కలైనా జూన్ దాకా ఆగేవి. తర్వాత రిజిస్టరు తెరిచాను. యాభై రోజులకు పైగా “తీపి” అని ఉంది. ప్రతి “తీపి” నా చేతిరాతలో ఉంది, ప్రతిదాని కింద నా సంతకం ఉంది. ఒక్క రోజు కూడా నేను ఆ నీళ్లు నోట పెట్టలేదు.

చిత్తు చించేసి మళ్లీ రాశాను. మూడు కారణాలు రాశాను: మేస్త్రి రుచి కోల్పోయి దాచడం, ఓవర్సీరు రుచి చూడకుండా సంతకం చేయడం, ఓవర్సీరు ఎండదెబ్బగా పొరబడి నీళ్లు రెండింతలు చేయించడం. చెంగమ్మ గురించి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తే మునస్వామి ఆరేళ్లుగా మోసం చేసినట్టవుతుంది. రాయకపోతే ఆరేళ్లు ఆ తోటను కాపాడిన మనిషి ఎక్కడా లేనట్టవుతుంది. రాయలేదు. అది సరైన పనో కాదో నాకిప్పటికీ తెలియదు.

సోమవారం సూపరింటెండెంటు వచ్చి నివేదిక నిలబడే చదివారు. నా పేరు నేనే ఎందుకు రాసుకున్నానని అడిగారు. ఒక్క కారణమైతే ఫైలు తన బల్ల మీదే మూసేయవచ్చని, మూడుంటే పైకి పంపక తప్పదని అన్నారు. మార్చుకోవడానికి సాయంత్రం దాకా వ్యవధి ఇస్తానన్నారు. మునస్వామి పది గజాల దూరంలో కుండీలు కడుగుతున్నాడు. మార్చేదేమీ లేదని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, నివేదికను మడిచి జేబులో పెట్టుకున్నారు.

రెండున్నర నెలలు ఏ కబురూ లేదు. తపాలా వచ్చే వేళకు మునస్వామి గేటు వైపు ఏదో పని పెట్టుకునేవాడు. నేనూ పెట్టుకునేవాణ్ని. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు ఉండేవాళ్లం. జూలైలో ఒక వాన పడింది. తల్లిమొక్కల్లో ఒకదానికి మొదలు దగ్గర ఎర్రటి చిగురు వచ్చింది. మునస్వామి వచ్చి, “ఆడ ఒకటి కండ్లు తెరిచింది సార్,” అని చెప్పి వెళ్లాడు. చివరికి పన్నెండింటిలో అయిదు బతికాయి. అంట్లలో సగం.

ఆగస్టులో ఉత్తరువు వచ్చింది. మునస్వామిని మేస్త్రి హోదానుంచి తోటమాలిగా తగ్గించారు, విరమణ వరకు కొనసాగనిచ్చారు. నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఎక్కింది, పదోన్నతి రెండేళ్లు ఆగింది. ఉత్తరువు చదివి వినిపిస్తే మునస్వామి అంతా విని, “మేలు సార్. అంటు కట్టేదానికి నాలిక ఎందుకు,” అన్నాడు. జనవరి దాకా అంట్ల పందిట్లోనే పనిచేశాడు. పోయిన రకాల్లో రెండింటిని బతికిన అంట్లనుంచి మళ్లీ తల్లిమొక్కలుగా కట్టింది అతనే.

నీటి పద్ధతి మార్చాను. ఇద్దరు విడివిడిగా రుచి చూడాలి, ఇద్దరి మాటా రాయాలి. ఒకరు నేను, రెండో మనిషి రాజమ్మ. దినకూలీ పేరు రిజిస్టరులో ఉండకూడదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. ఆ గడిలో “మరొకరు” అని రాశాం. మొదటి రోజు నేను బావినీళ్లు తాగి మొహం చిట్లిస్తే, “ఏం సార్, కూజాకు సెలవిచ్చినారా?” అంది రాజమ్మ.

నేను విరమణ చేసి చాలా ఏళ్లయింది. మా మిద్దె మీద పది గులాబీ కుండీలున్నాయి. చూడవచ్చినవాళ్లు మెచ్చుకుంటే, అది ముప్పై ఏళ్ల ఉద్యోగం నేర్పిన పని అని చెప్పేవాణ్ని. కొమ్మలు కత్తిరించేది నేను, మట్టి మార్చేది నేను. నా భార్య నిరుడు పోయింది. ఈ మే నెలలో ఆకుల అంచులు గోధుమరంగు తిరిగాయి. ఇంట్లో పనిచేసే ఆమెను అడిగితే, “అమ్మ ఈటికి బోరునీళ్లు పోయనీదు సార్. కొళాయి వచ్చినప్పుడు బిందె పట్టి విడిగా పెడతా ఉండె,” అంది. ఎన్నేళ్లుగా అని అడిగాను. తను పనిలో చేరకముందునుంచే అంది.

కుండీల్ని ఇటుకల మీదకెత్తి కొళాయి నీళ్లతో కడిగాను. ఏడు తేరుకున్నాయి.

ఆ తోటనుంచి బదిలీ అయ్యాక మరో ఆరు తోటల్లో పనిచేశాను. ప్రతిచోటా మొదటి వారం రెండు పనులు చేసేవాణ్ని. బావినీళ్లు నేనే తాగి చూసేవాణ్ని. ప్రతి మేస్త్రినీ, ఈ పనిలో నీకు తోడెవరని అడిగేవాణ్ని. ఎవరూ లేరని చెప్పినవాళ్ల దగ్గర ఎక్కువసేపు నిలబడేవాణ్ని. ఆ ప్రశ్న తోటలకే అనుకున్నాను. ఇంట్లో అడగలేదు.